మూడో అంతస్తు తలుపు

లిఫ్టు తలుపుకి ఒక్కటే నీతి. లిఫ్టు ఎదురుగా వచ్చి ఆగితేనే అది తెరుచుకోవాలి, అది తెరిచి ఉన్నంతసేపూ లిఫ్టు కదలకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మనుషుల్లో ఇంత నిక్కచ్చిగా ఉండేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్కలో నేను లేను.

మా చర్చి ఒక ఐదంతస్తుల భవనంలో పై అంతస్తులో ఉంది. కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, మూడో అంతస్తులో ఆడవాళ్ళ ప్రార్థన గది. లిఫ్టు పాతకాలంది. ప్రతి అంతస్తులోనూ చేత్తో లాగి తీసే ఇనుప తలుపు. లిఫ్టుని చూసుకునేది నేను, భవనాన్ని చూసుకునేది మా మామగారు. చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే. ఉద్యోగం ఇప్పించింది ఆయన, కూతుర్నిచ్చింది ఆయన, తాగి రోడ్డు మీద పడి ఉంటే లేపి చర్చికి లాక్కొచ్చింది ఆయన, తన ఇంటి వెనక వాటా ఇచ్చింది కూడా ఆయనే. ఇన్ని ఇచ్చిన మనిషికి 'కుదరదు' అనే ఒక్క మాట తిరిగివ్వడం నాకు చేతకాలేదు.

ఇంకొక మనిషి గురించి ముందే చెప్పాలి. పాటల పెద్దమ్మ. చిన్నప్పుడే జ్వరం వచ్చి చూపు పోయింది. చర్చిలో ఏ పాటైనా ముందు ఆమె గొంతులోనే మొదలవ్వాలి, తర్వాతే మిగతావాళ్ళం అందుకుంటాం. చేతికర్రతో తనే నడుస్తుంది, ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. "నేనేమన్నా సామానునా, మోసుకుపోవడానికి?" అంటుంది. అందుకని లిఫ్టు వాడడం నేనే నేర్పాను.

"పెద్దమ్మా, బటన్ నొక్కు. తలుపు లాగు. రాలేదంటే లిఫ్టు ఇంకా రాలేదని. వచ్చిందంటే లిఫ్టు ఉన్నట్టే, ధైర్యంగా లోపలికి అడుగెయ్యి. కళ్ళున్నవాళ్ళు చూసుకుంటారు. నీకు ఈ తలుపే కళ్ళు."

ఆ రోజు ఆమె లిఫ్టు లేనప్పుడు తలుపుని పదిసార్లు లాగి చూసింది. అది పిసరంత కూడా కదల్లేదు. పకపకా నవ్వింది. "నీ మాట మీద కాలేస్తున్నానబ్బాయ్" అంది. నేను రెండు రోజులు గాల్లో తేలాను.

ఇక అసలు సంగతి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా మా చర్చిలో ఉపవాస కూడికలు పెట్టారు. పశ్చాత్తాపమే అంశం. గురువారం పొద్దున లిఫ్టు ఆగిపోయింది. చూస్తే మూడో అంతస్తు తలుపు తాళం పూర్తిగా అరిగిపోయింది. కాస్త గట్టిగా లాగితే లిఫ్టు లేకపోయినా తెరుచుకుంటోంది. మూసి ఉన్నా, మూసి ఉందన్న కబురు మోటారుకి అందడం లేదు. అందుకే లిఫ్టు మొండికేసింది. న్యాయంగా చూస్తే అది చేసిందే సరైన పని. కొత్త తాళం మంగళవారానికి గానీ రాదన్నారు.

"ముసలివాళ్ళు ఐదంతస్తులు ఎక్కలేరు అల్లుడూ. మూడు రోజులే కదా, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు మామగారు.

"చెయ్యొచ్చు మామయ్యా. కానీ చెయ్యకూడదు."

"చెయ్యొచ్చు అన్నావుగా. అది చాలు."

పైన మోటారు గదిలోకి వెళ్ళాను. ఒక జానెడు వైరు ముక్క తీసుకుని రెండు స్క్రూల మధ్య బిగించాను. అంతే. ఇక మూడో అంతస్తు తలుపు తెరిచి ఉన్నా మూసి ఉన్నా లిఫ్టుకి మూసినట్టే లెక్క. బటన్ నొక్కగానే బుద్ధిగా కదిలింది. కింద ఎవరో "స్తోత్రం" అన్నారు. మామగారు నా భుజం తట్టి, మోటారు గదికి తాళం వేసి తాళంచెవి చొక్కా జేబులో పడేసుకున్నారు. "నీ చేతులు ఊరికే ఉండవు. మంగళవారం దాకా ఇది నా దగ్గరే ఉంటుంది" అన్నారు. తర్వాత లిఫ్టులో అంటించి ఉన్న తనిఖీ కార్డు చూపించి కలం ఇచ్చారు. 'అన్నీ సరిగా ఉన్నాయి' అన్న గడిలో సంతకం పెట్టాను.

శుక్రవారం, శనివారం నేనే లిఫ్టులో నిలబడి అందర్నీ ఎక్కించాను, దించాను. మూడో అంతస్తు వచ్చినప్పుడల్లా తలుపు మీద చెయ్యి వేసి కాచుకున్నాను. పైన పాస్టరు గారి మైకు గొంతు లిఫ్టు గోతిలోంచి దిగివచ్చి రేకుల గోడలకి తగిలి నా నెత్తిమీదే పడేది. ఎన్నోసార్లు లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీశాను. "గాభరా పడకండి, గాలి వస్తుంది, గంట నొక్కితే మేం వస్తాం" అని చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రెండు రోజులూ నాకు మాత్రం ఊపిరాడలేదు. నొక్కడానికి గంటా కనిపించలేదు.

సంగతి బయటికి చెబితే లిఫ్టు కంపెనీ నా లైసెన్సు కార్డు లాక్కుంటుంది. తర్వాత ఎవరూ నన్ను లిఫ్టు ముట్టుకోనివ్వరు. పైగా మామగారి పరువు, ఆయన వాటాలో నా కాపురం. శుక్రవారం సాయంత్రం నా భార్యకి చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపింది. "ఏమండీ, నాన్నతో గొడవ పెట్టుకోకండి. మూడు రోజులే కదా" అంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నా విషయంలో నుయ్యి నిజంగానే ఉంది, ఐదంతస్తుల లోతున.

శనివారం మధ్యాహ్నం మామగారు ఇంకో పిడుగు వేశారు.

"రేపు నువ్వు సాక్ష్యం చెప్పాలి. ముందు నుంచే స్టేజీ మీద కూర్చో."

తాగుడు ఎలా మానానో చెప్పే సాక్ష్యం నాదొకటి ఉంది. పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. ఎక్కడ నా గొంతు పూడుకుపోతుందో సంఘంలో అందరికీ కంఠతా వచ్చు.

"మరి లిఫ్టు దగ్గర ఎవరుంటారు? ఆ తలుపు ప్రమాదం మామయ్యా. తాళంచెవి ఇవ్వండి, వైరు తీసేస్తాను."

"తీసేస్తే ముసలివాళ్ళు కిందే ఉండిపోతారు. వాళ్ళు వాక్యం వినకుండా పోతే ఆ పాపం నీది కాదా? దేవుని పని మీద నడిచే లిఫ్టు, దేవుడే చూసుకుంటాడు."

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. చివరికి నేనే ఒక దారి చెప్పాను. మూడో అంతస్తు తలుపు మీద కాగితం అంటిస్తాను, అక్కడివాళ్ళు మెట్లెక్కుతారు, మిగతావాళ్ళు లిఫ్టు వాడుకుంటారు.

"భేష్! పాము చావకుండా, కర్ర విరక్కుండా. తెలివంటే ఇదీ" అన్నారు మామగారు.

పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో రాశాను. 'ఈ తలుపు తీయకండి. మెట్ల మీదుగా వెళ్ళండి.' నాలుగు మూలలా అంటించి దూరంగా నిలబడి చూసుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం హాలు నిండిపోయింది. తెల్లచొక్కా వేసుకుని స్టేజీ మీద మామగారి పక్కన కూర్చున్నాను. నా వెనక గోడకి అవతలే మోటారు గది. చాలాసేపటి నుంచి మోటారు చప్పుడు లేదు. అందరూ వచ్చేశారులే అని నెమ్మదించాను.

మా పాస్టరు గారు అరిచే మనిషి కాదు. ఒకప్పుడు బడిపంతులు. ఇప్పటికీ పిల్లలకి లెక్క అర్థమయ్యేట్టు చెప్పినట్టే చెబుతారు.

"ఇంట్లో దొంగ దూరాడనుకోండి. మనకి తెలుసు. కానీ తరమడానికి మొహమాటం. సరే, లోపల వద్దులే, వరండాలో పడుకో అని చాప ఇస్తాం. చలేస్తుందేమోనని దుప్పటి కూడా ఇస్తాం. ఆ తర్వాత ఆదివారం వచ్చి, దొంగని ఇంట్లోంచి పంపించేశానండీ అని సాక్ష్యం చెబుతాం."

జనం నవ్వారు. మామగారు "ఆమెన్" అన్నారు. నాకు మాత్రం ఎర్ర అక్షరాల కాగితం కళ్ళముందు కనిపించింది. నేను పరిచిన చాప అది. నాలుగు మూలలా అంటించి మరీ పరిచాను.

"వాణ్ణి ఇవాళ తరిమేద్దామనుకునేవాళ్ళు ముందుకి రండి. ఈలోగా పాట పాడదాం."

కీబోర్డు కుర్రాడు మొదలుపెట్టాడు. ఆరంభం వాయించాడు. గొంతు రాలేదు. మళ్ళీ వాయించాడు. జనం తలలు తిప్పి చూశారు.

"పెద్దమ్మ ఏదీ?" అన్నారు పాస్టరు గారు.

ముందు వరసలో ఒకావిడ లేచింది. "కింద ప్రార్థన గదిలో ఉందండీ. ఇంకాస్త ప్రార్థన చేసుకుని లిఫ్టులో వస్తాను, మీరు పదండి అంది."

లిఫ్టులో ఎలా వస్తుంది, కాగితం చదవలేదా అని మనసులోనే విసుక్కున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది.

కుర్చీ పడిపోయింది. మామగారు చొక్కా చెయ్యి పట్టుకుని "ఎక్కడికి? తర్వాత నీ వంతే" అన్నారు. విదిలించుకున్నాను, ఒక గుండీ ఊడింది. ఒప్పుకోవాలనుకున్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ ముందుకి వస్తున్నారు. నేనొక్కణ్ణే వాళ్ళని తోసుకుంటూ వెనక్కి పరిగెత్తాను.

బయట ఐదో అంతస్తు తలుపు రెండు వేళ్ళ సందు తెరిచి ఉంది. ఆఖరున వచ్చినవాళ్ళెవరో సరిగా వెయ్యలేదు. ఆ తలుపు నిజాయితీ గలది, లిఫ్టుని కదలనివ్వలేదు. అంటే లిఫ్టు ఇక్కడే ఉంది. అంటే మూడో అంతస్తు తలుపు వెనక ఏమీ లేదు. మెట్ల మీద పరిగెడుతూ ప్రార్థన చేద్దామనుకున్నాను, ఒక్క మాటా రాలేదు. దేవుడి ముందు ఏ మొహంతో నోరు తెరవను?

పెద్దమ్మ నేల మీద కూర్చుని ఉంది. వీపు తలుపుకి ఆనించి, కాళ్ళు చాపుకుని. తలకి పైన, తలుపు మీద నా కాగితం. చేతిలో కర్ర లేదు.

"ఎవరది? ఇటు రాకండి" అంది.

"నేనే పెద్దమ్మా."

"లిఫ్టబ్బాయివా! బతికించావు. తలుపు దగ్గరికి ఎవర్నీ రానివ్వకు. బటన్ నొక్కి లాగాను, వచ్చింది. సరే లిఫ్టు ఉందిగా అని కాలెత్తాను. మొహానికి చల్లగా గాలి కొట్టింది. లిఫ్టుంటే గాలి రాదే అని కర్ర ముందుకి పెట్టాను. నేల తగల్లేదు." ఆమె ఆగి పెదాలు తడుపుకుంది. "కర్ర చేజారింది. చాలాసేపటికి గానీ చప్పుడు కాలేదబ్బాయ్. అరిస్తే పైన మైకు హోరులో ఎవరికి వినబడుతుంది? ఇంకెవరన్నా వచ్చి లాగుతారేమోనని అడ్డంగా కూర్చున్నా."

అక్కడే ఆమె ఎదురుగా కూలబడ్డాను. మెట్ల మీద అడుగుల చప్పుడు. మామగారు, వెనకే పాస్టరు గారు, ఆ వెనక నా భార్య. మామగారికి ఒక్క చూపులో అంతా అర్థమైంది.

"పాత తలుపు కదా వదినా, అరిగిపోయి ఉంటుంది. దేవుడు కాపాడాడు. మా అల్లుడు కాగితం కూడా అంటించాడు, చూడు..." అని నాలిక కరుచుకున్నారు.

పెద్దమ్మ నావైపు మొహం తిప్పింది. "అంతేనా అబ్బాయ్? అరిగిపోయిందా?"

'అవును' అంటే చాలు. అబద్ధం కూడా కాదు. ఎల్లుండి కొత్త తాళం వేసి, వైరు పీకి పారేస్తే చూసినవాడు లేడు. కార్డు ఉంటుంది, ఇల్లు ఉంటుంది, పైకెళ్ళి నా పాత సాక్ష్యం చెప్పుకోవచ్చు. మామగారి కళ్ళు అదే అడుగుతున్నాయి. నా భార్య కళ్ళు ఏమడుగుతున్నాయో తెలీలేదు, నేను అటు చూడలేదు.

"అరిగింది నిజమే పెద్దమ్మా. అందుకే గురువారం లిఫ్టు ఆగిపోయింది. నేనే దొంగవైరు పెట్టి నడిపించాను. అన్నీ సరిగా ఉన్నాయని సంతకం కూడా పెట్టాను. మూడు రోజులుగా ఈ తలుపు అబద్ధం చెబుతోంది, చెప్పిస్తున్నది నేను. కాగితం అంటించేటప్పుడు నువ్వు నాకు గుర్తే రాలేదు. అది నీ కోసం అంటించలేదు పెద్దమ్మా. నా కోసం అంటించుకున్నాను."

"అల్లుడూ!" అన్నారు మామగారు.

"తాళంచెవి ఇవ్వండి మామయ్యా. ఆ వైరు తీసేస్తాను. రేపు కంపెనీకి కూడా నేనే వెళ్ళి చెబుతాను."

ఆయన పాస్టరు గారివైపు చూశారు. పాస్టరు గారు ముందుకొచ్చి పెద్దమ్మని లేవదీసి, తన తెల్లబట్టలతోనే నేల మీద చతికిలబడి, ఆమె కూర్చున్న చోటే తలుపుకి వీపు ఆనించారు. మామగారి చెయ్యి జేబులోకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. చివరికి తాళంచెవి నా చేతిలో పెట్టారు.

పెద్దమ్మ క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. గాల్లో చెయ్యి చాపింది, మోచెయ్యి అందించాను. ఎవరు పట్టుకున్నా ఒప్పుకోని మనిషి, గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"పైకి ఎన్ని మెట్లు?"

నలభై అనబోయాను, నోటిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు మీద బతికినవాణ్ణి, ఆ మెట్లు ఎప్పుడు లెక్కపెట్టాను గనక?

"తెలీదు పెద్దమ్మా."

"సరే. అయితే లెక్కపెడుతూ పద."

"ఒకటి" అన్నాను.

ఆమె వెంటనే కాలు వెయ్యలేదు. బొటనవేలితో మెట్టు ఉందో లేదో తడిమి చూసుకుని, అప్పుడు వేసింది.