రెండో డాక్టరుకు చెప్పని మాట

డాక్టర్ల మీద నాకున్న అనుమానం ఈనాటిది కాదు. నా గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు బాగా మారాయని పరీక్షలో తేలింది. బెంజ్ సర్కిల్ వైపు ఒక డాక్టరు గర్భసంచి తీసేద్దాం, సోమవారం వచ్చి చేరిపొమ్మన్నాడు. క్యాన్సరా అని అడిగితే, అందాకా ఎందుకు తెచ్చుకోవడం అన్నాడు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా దానితో పనేముందని కూడా అన్నాడు. ఒళ్లు మండింది. నా ఒంట్లో దేనితో పనుందో తేల్చడానికి ఆయనెవరు?

మా ఆయన నిసార్ అహ్మద్‌కు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టుంది. అక్కడ ఒక పద్ధతుంది. ఒక షెడ్డువాడు ఇంజన్ దించాల్సిందేనంటే బండిని ఇంకో షెడ్డుకు తీసుకెళ్తారు, మొదటివాడు ఏమన్నాడో మాత్రం నోరు విప్పరు. చెబితే రెండోవాడూ అదే పాట పాడతాడని భయం. నన్నూ అలాగే ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పాత రిపోర్టు బీరువాలోనే ఉండిపోయింది. నేనూ సరేనన్నాను.

ఆవిడ మళ్లీ పరీక్ష చేయించింది. ఈసారి కొద్దిపాటి మార్పేనని వచ్చింది. కంగారేం లేదు, ఏడాది తర్వాత మళ్లీ చూద్దామంది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఒకరేమో వెంటనే కోసేయాలంటారు, ఒకరేమో ఏడాది ఆగమంటారు. వీళ్లందరూ చదివింది ఒకే చదువు కదా. ఎవరో ఒకరి మాట నమ్మితే నా గర్భసంచో, నా ప్రాణమో ఉత్తపుణ్యానికి పోతుందని భయమేసింది.

మా ఆయన నా చెయ్యి గిల్లుతున్నా ఆగకుండా మొదటి పరీక్ష సంగతి చెప్పేశాను. ఆవిడ రాయడం ఆపింది.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు గౌసియా గారూ? ఒకసారి అలా వచ్చాక రెండోసారి బాగున్నా వదలకూడదు. లెన్సుతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అది తేలకుండా గర్భసంచీ తీయకూడదు, ఏడాదీ ఆగకూడదు."

"మరి ఆయన ఆ ముక్క సంగతి ఎత్తనే లేదేమండీ?"

"ఏం చేయాలో మా అందరికీ రాసే ఉందమ్మా. అందరూ పాటించరు."

"మీరు పాటించారా? ఇంతకుముందు పరీక్షేమైనా చేయించుకున్నావా అని నన్ను అడగనే లేదు కదండీ."

మా ఆయన తల దించుకున్నారు. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ కలం పక్కన పెట్టింది.

"అడగాల్సిందండీ. నాదే పొరపాటు," అంది.

డాక్టరు నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ముక్కలో ఏం తేలుతుందోనన్న భయం అలాగే ఉంది. అయినా చెప్పులు విడిచి పరీక్ష బల్ల ఎక్కాను.