కార్డు ఇంకా తియ్యకండి

చిట్టి బోర్లాపడ్డ రోజు వాళ్ల నాన్న ఇంట్లో లేడు. పాకిన రోజూ లేడు. తొలి అడుగు వేసినప్పుడు కూడా ఎక్కడో లారీ తోలుకుంటున్నాడు. ఈ పొద్దున బండెక్కితే మళ్లీ రెండు నెలల దాకా రాడు. అందుకని ఆ వీడియోలు మెమరీ కార్డులో వేసిస్తాను, లారీ ప్లేయర్లో చూసుకోండని మాటిచ్చాను.

వేసిచ్చాను కూడా. కాసేపటికే ఆయన కార్డు పట్టుకుని వెనక్కొచ్చాడు.

"ఇందులో ఏమీ లేదంటోంది."

"ఎందుకు లేవు? చూసే ఇచ్చాను."

"నన్నడిగితే? ప్లేయర్నడుగు."

నా కంప్యూటర్లో పెట్టి చూశాను. అన్నీ ఉన్నాయి. మా తమ్ముడు తనకు పాతబడిందని ఇచ్చిన లినక్స్ కంప్యూటర్ అది, అరచేతిలో పట్టేంత. తొమ్మిదిలోనే బడి మానేసినదాన్ని, దాని తెరమీది రాతలు చూసి మొదట్లో హడలిపోయాను. ఇప్పుడు చిట్టి పడుకుందంటే నా కాలక్షేపం దాంతోనే.

సంగతి అర్థమైంది. కార్డుని ఈ కంప్యూటర్‌కి అలవాటైన పద్ధతిలో ఫార్మాట్ చేశాను. లారీ ప్లేయర్‌కి ఆ పద్ధతి రాదు. దానికి తెలిసింది ఫ్యాట్ అనే పాత పద్ధతి ఒక్కటే. కార్డు చెరిపి, ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, వీడియోలు మళ్లీ ఎక్కించాలి.

చెరపాలి అంటేనే నాకు భయం. కార్డులో ఉన్నవి కొన్నే. పుట్టిన గంట నుంచి తీసినవన్నీ పక్కనే తగిలించిన డ్రైవులో ఉన్నాయి. తీసిన ఫోను బకెట్లో పడి చచ్చింది కాబట్టి ఇంకెక్కడా లేవు. వేలు జారి కార్డుకి బదులు డ్రైవుని చెరిపానో, పిల్ల మళ్లీ పుట్టదు.

అత్తయ్య చిట్టిని చంకనేసుకుని వచ్చింది. "ఏంటమ్మాయ్, కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

"ఒకటి చెరపబోయి ఇంకోటి చెరిపేస్తానేమోనని, అత్తయ్యా."

"ఉప్పు డబ్బా ముట్టుకున్నా మూడుసార్లు రుచి చూస్తావు. నువ్వా పొరపాటు చేసేది?"

నిజమే. భయపడేదాన్ని కాబట్టే చూసుకుని చేస్తాను.

ముందు డ్రైవుని తీసేసి అలమర పై అరలో పెట్టాను. అక్కడ లేనిదాన్ని ఎలాగూ చెరపలేను. తెరమీది జాబితాలో ఇంకా రెండు వరసలు మిగిలాయి. పేర్లలో చివరి అంకె ఒక్కటే తేడా, సైజూ దాదాపు ఒకటే, కవల పిల్లల్లా. ఒకటి కార్డు, రెండోదాంట్లో కంప్యూటర్ ప్రాణం ఉంది. కార్డు బయటికి లాగాను. కింది వరస మాయమైంది. మళ్లీ దూర్చాను. వచ్చింది. ఇక అనుమానం లేదు.

ఫార్మాట్ కొడితే, కార్డు వాడకంలో ఉంది, కుదరదంది. అన్‌మౌంట్ చేసి, అంటే కంప్యూటర్ చేత కార్డుని వదిలించి, మళ్లీ కొట్టాను. పేరు ఇంకోసారి చదివి ఎంటర్ నొక్కాను. కార్డు ఖాళీ అయింది. డ్రైవు తగిలించి వీడియోలు ఎక్కిస్తుంటే బయట హారన్ మోగింది, ఆ వెంటనే ఆయనే లోపలికొచ్చాడు.

"అయిపోయిందిగా, ఇటివ్వు."

"కార్డు ఇంకా తియ్యకండి."

"వందకి వంద చూపిస్తోందిగా."

"అలాగే చూపిస్తుంది. వెనకాల ఇంకా రాస్తోంది. ఇప్పుడు లాగితే సగం చిట్టే వస్తుంది."

"ఏ సగం?" అంది అత్తయ్య.

"అరిచే సగం," అన్నాడాయన.

నవ్వొచ్చింది గానీ కార్డుకి అడ్డం పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"సరుకు లేటైతే ఓనరుకి ఏం చెప్పను?"

"బయల్దేరానని చెప్పండి."

"అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పులేసుకున్నారుగా."

ఆయన అత్తయ్య వైపు చూశాడు. "నా వైపు చూడకు," అంది అత్తయ్య. "ఆగమంటోందిగా, ఆగు."

ఆగాడు. అన్‌మౌంట్ కొట్టాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు, తర్వాత సరేనంది. అప్పుడు తీశాను కార్డు. ఆయన చేతికివ్వకుండా నేనే లారీ ఎక్కి ప్లేయర్లో పెట్టాను.

తెరమీద చిట్టి మంచం పట్టుకుని నిలబడింది. పట్టు వదిలింది. ఊగింది. ఒక్క అడుగు వేసి చతికిలబడి, ఎవరో తోసినట్టు నా వైపు కోపంగా చూసింది.

స్టీరింగ్ ముందు కూర్చున్న ఆయన ఇంజను ఆపేశాడు.

"ఇంకోసారి పెట్టు."

"మీరే పెట్టుకోండి," అని కిందికి దిగాను. "ఇప్పుడు కార్డు ఎన్నిసార్లు లాగినా ఏం కాదు."