గణపతి ఎక్కిన ఇనుప ఓడ

శంకర్రావుకు కడుపు మండిపోతోంది. మండదూ మరి! పాతికేళ్లుగా బొంబాయి కామాటిపురలో, వరస గదుల తమ చాల్‌లో గణపతికి పీట చేసేది ఆయనే. థర్మాకోల్‌తో నెమలి చేశాడు, కమలం చేశాడు, కోట చేశాడు. ఈసారి ఆ పని పక్క గది నీతకు పోయింది. నిన్నగాక మొన్న ఆయన దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకున్న పిల్ల!

చేసింది మామూలుదా? విక్టోరియా రాణి కాలంలో బొంబాయి రేవుకు కాపలా కాసిన ఇనుప యుద్ధనౌకకు నమూనా. నెయ్యి డబ్బాల రేకు కోసి, అతుకులకు మాటు వేసి, రెండు మూరల ఓడ కట్టింది. ముందొక ఫిరంగి బురుజు, వెనకొక బురుజు, నడుమ మట్టి గణపతి. వర్లి నుంచి కూడా జనం వచ్చి ఫోటోలు తీసుకుంటుంటే శంకర్రావుకు అన్నం సహించలేదు. వంక పెడదామని రోజూ వెళ్లి చూసేవాడు. ఏదీ, ఒక్కటీ దొరికితేగా!

నిమజ్జనం నాడు చౌపాటీ సముద్రపు ఒడ్డున దొరికింది. దేవుణ్ణి నీళ్లలో కలిపి, పీటను ఇంటికి తెచ్చుకోవడం వాళ్ల ఆనవాయితీ.

"గిది పీటనా? ఓడ," అన్నాడు శంకర్రావు అందరికీ వినబడేలా. "దేవుడెక్కిన ఓడ సముద్రంలకే పోవాలె. ఇంటికెట్ల తీస్కపోతరు?"

పెద్దాయన మాట. ఎవరూ కాదనలేకపోయారు. నీత ముఖం పాలిపోయింది.

"సరే కాకా," అంది.

గణపతి మునిగాడు. ఓడ మునగలేదు. ఏ పక్కకూ ఒరగకుండా తేలింది. ఒడ్డున ఒకటే ఈలలు! శంకర్రావు చూపు ఓడ అడుగుకు పోయింది. అలా తేలాలంటే అడుగున, ఎవరికీ కనబడని చోట, సరిగ్గా బరువు పెట్టాలి. నీళ్లు తగలని పీటకు ఇంత పని చేసిందా! ఆయన మాత్రం తన నెమళ్లకు జనం చూసే వైపే రంగు వేసేవాడు. ఒళ్లంతా భగ్గుమంది. అంతలో ఒక అల ఓడను లోపలికి లాగింది.

"అరే, పోతున్నది! పట్టుండ్రి!"

పోవాలన్న నోరే అలా అరిచింది. ఎవరూ కదలకముందే చెప్పులు ఇసుకలో వదిలేసి నీళ్లలోకి ఉరికాడు. ఛాతీ లోతులో ఓడను ఒడిసి పట్టుకున్నాడు.

ఒడ్డున నీత చేతులు చాచింది. ఆయన ఇవ్వలేదు. "నేనే మోస్త," అని ఎదకు హత్తుకుని నడక సాగించాడు.

కామాటిపుర దగ్గరపడ్డాక నాకా కూడలిలో కూలికి నిలబడ్డ పాలమూరు మనిషి ఒకడు ఆపాడు. "అబ్బ, మస్తున్నదే! నువ్వే చేసినవా, పెద్దాయనా?"

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. శంకర్రావు వెనక్కి చూశాడు. ఆయన వదిలేసిన చెప్పులు చేత్తో పట్టుకుని నీత నడిచి వస్తోంది.

"నేను కాదు. గీ పోరి," అన్నాడు.

అంటున్నప్పుడు కూడా కడుపు మండుతూనే ఉంది. అయినా ఇల్లు చేరేదాకా ఓడను కిందికి దించలేదు.