రేజా అనగా

నాలుగింటికల్లా పేపరు పంపకపోతే సెమినార్‌లో చోటు పోయినట్టే. జంషెడ్‌పూర్‌లో కూలికి వచ్చిన తెలుగు ఆడవాళ్ళ మీద బిందుప్రియ ఇరవై పేజీలు రాసింది. గైడు సీతారామరావుగారికి అవేమీ ఆనలేదు. "ఊరి మాట ప్రతిదానికీ కింద ఫుట్‌నోట్ ఉండాలమ్మా. అర్థం ఏమిటో, ఎక్కడ దొరికిందో" అని ఫోన్‌లో తేల్చేశారు.

ఆఖరి మాట ‘రేజా’. హడావుడిలో ఆ పిల్ల పాత నివేదికలో ఉన్నది ఉన్నట్టు దించేసింది. ఆ ఊరి భాలుబాసా పేటలోని వాళ్ళింట్లో రేజా అంటే ఏమిటో వెతుక్కోవాలా, చోద్యం కాకపోతే! పక్కనే చిక్కుడుకాయలు వలుస్తున్న అమ్మమ్మ దాలమ్మ ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసిన రేజాయే.

"మా గురించేటి రాసినావే? సదువు."

ఇంగ్లీషులో ఉన్నదాన్ని బిందుప్రియ తెలుగులో చెప్పింది. "కట్టడాల దగ్గర బరువులు మోసే, నైపుణ్యం లేని ఆడకూలీ."

"నైపున్నెం అంటే?"

"హునర్, అమ్మమ్మా. పనితనం."

"ఓలమ్మో! నాకు పనితనం నేదా? కడుపులో మీయమ్మ, నెత్తి మీద పన్నెండు ఇటికలు, ఎదురుబొంగుల నిచ్చిన! ఒక్కటి జార్నిచ్చినానా? రాసినోడ్ని ఎక్కమను, సూత్తాను."

"అరే, మైనే థోడీ లిఖా హై! నేను రాసిందా ఏంటి? రిపోర్ట్‌లో ఉంది."

"దించినదానివి నువ్వే గదేటి."

బిందుప్రియకు తల కొట్టేసినట్టయింది. రాసింది చెరిపేసి, అమ్మమ్మ పక్కన చతికిలబడింది. "నువ్వే చెప్పు."

దాలమ్మ చెప్పుకుంటూ పోయింది. చుట్టకుదురు ఎంత బిగువుగా చుట్టాలో, మెడ ఎలా నిలపాలో, సిమెంటు మాలు చూడగానే నీళ్ళెక్కువయ్యాయని ఎలా తెలుస్తుందో. ఫుట్‌నోట్ సగం పేజీ తినేసింది.

"ఇది ఏ పుస్తకంలో ఉంది?" అన్నారు సార్, ఫోన్‌లో అది చదివి వినిపిస్తే.

"పుస్తకం లేదు సార్, మనిషి ఉంది."

"సరే, మనిషి పేరూ, ఊరూ, తేదీ వెయ్యి" అన్నారాయన.

‘దాలమ్మ, భాలుబాసా’ అని కొడుతుంటే ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. "నా పేరొక్కటే ఏత్తే నానొప్పను. ముందు కస్తూరమ్మ పేరెయ్యి. కొత్త పన్లోకెల్తే ‘ఎవరెనక నేర్సినావు?’ అని అడిగీవోరు. నాను దాని ఎనకే నేర్సినాను."

"ఇంటిపేరు?"

"ఏమో! హాజరీ పుస్తకంలో అసలు పేరే నేదు. ‘రేజా నాలుగు’ అని రాసీవోడు మున్షీ. జొరమొచ్చి అది సచ్చిపోయిన నాడు కూడా ‘రేజా నాలుగు నాగా’ అనే రాసినాడు."

దాలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బిందుప్రియకూ ఏడుపు ఆగలేదు. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. పేపరు మొదటికి వెళ్ళి, ‘ఈ నగరంలో రేజాలు ఇటుకలు మోసేవారు’ అన్న వాక్యాన్ని కొట్టేసింది.

‘ఈ నగరంలో కస్తూరమ్మ ఇటుకలు మోసేది’ అని రాసింది.