బ్యానర్ మీది, వల మాది

మా చేపల చెరువు గట్టు మీద సెల్ టవర్ ఉంది. దాని పక్కనే డీజిల్ జనరేటర్. కొల్లేటి ఊళ్ళలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు గానీ, పోయిందంటే ఆ జనరేటర్ క్షణం ఆలస్యం చెయ్యదు. దాని మోతకి ఇంట్లో మాట వినబడదు. దాని పొగకి ఆరేసిన చీర మళ్ళీ ఉతుక్కోవాలి. కంపెనీకి స్థలం ఇచ్చింది మా ఆయన సత్తిరాజు, అనుభవించేది నేను.

ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ భరించాను. ఈసారి అలా కుదరదు. మా అమ్మాయి ఇందుజకి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పుకి పిల్ల పుట్టింటికి రావాలి కదా! తాడేపల్లిగూడెంలో వాళ్ళ అత్తగారు మెత్తగానే చెప్పింది.

"వదినగారూ, పంపడానికి నాకేం అభ్యంతరం లేదండీ. ఆ మోతలో, ఆ పొగలో పసిగుడ్డుని ఎలా పడుకోబెడతామా అనేనండీ నా బాధ."

ఆవిడ మాటలో తప్పు లేదు. తిట్టడానికి వీల్లేని మాట, అందుకే మరీ మండింది.

సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్ళు సోలార్ పలకలు తెచ్చి జనరేటర్ వెనక గట్టు మీద బిగించారు. ఏలూరు ఆఫీసు నుంచి శ్రీలేఖ అనే అమ్మాయి వచ్చింది. కంపెనీ వల్ల గాలికీ నీటికీ చెరుపు జరగకుండా చూడటం తన ఉద్యోగమట.

"శనివారం దీపాల వేళ కరెంటు ఆపేస్తామండీ. తెల్లారేదాకా బ్యాటరీల మీదే టవర్ నడిస్తే జనరేటర్‌ని లారీ ఎక్కించేస్తామండీ," అంది.

నీ నోట్లో పంచదార పొయ్య తల్లీ, అనుకున్నాను. ఆ పూటే పెట్టె తెరిచి మెత్తటి పాత చీరలు తీసి పొత్తిగుడ్డలు చింపడం మొదలుపెట్టాను.

గురువారం శ్రీలేఖ మళ్ళీ వచ్చింది. వెంట వాళ్ళ ఇంజినీరు విశ్వతేజ. టవర్ గేటుకి అప్పటికే "హరిత టవర్" అని పెద్ద బ్యానర్ వేలాడుతోంది, దాని ముందు నిలబడి ఫొటోలు కూడా దిగారు. ఇంజినీరు మాత్రం ఫోను చూసుకుంటూ నసిగాడు.

"బ్యాటరీలు సగం కూడా నిండట్లేదండీ. ఈ ప్రాంతానికి ఎండ సరిపోదేమోనండీ. సోలార్ ఎలాగూ ఉంటుంది, జనరేటర్ని కూడా ఉంచేద్దామండీ."

"మరి ఆ బ్యానరూ?"

"అది... కంపెనీ రిపోర్టులోకి ఫొటో వెళ్ళిపోయిందండీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని విన్నాను గానీ ఇప్పుడే చూస్తన్నాను బాబూ! పల్లకీ మీ రిపోర్టులో ఊరేగుతుంది, మోత మాత్రం మా ఇంట్లోనా? ఎండ సరిపోదా? పెట్టిన అప్పడం పెట్టినట్టే విరిగిపోతంది! రండి, ఆ పలకల దగ్గర నిలబడి చెప్పండి ఎండ లేదని!"

ఇద్దర్నీ వెంటబెట్టుకుని గట్టెక్కాను. ఆ పొగ వైపు నేను ఏనాడూ తొంగి చూడను. కోపమే అంతదూరం తీసుకెళ్ళింది. వెళ్ళి చూద్దును కదా, పలకలే కనబడలేదు! వాటి మీద పాచిపట్టిన మా పాత చేపల వల రెండు మడతలుగా పరిచి ఉంది. ఆ చివర మా ఆయన తాడు బిగించుకుంటున్నారు.

"చూశావా లక్ష్మీ! నీటికాకులు రెట్టలేసి పాడుచేస్తన్నాయని సోమవారమే కప్పేశాను. గాలికి తాడు వదులైతే మళ్ళీ బిగిస్తన్నా," అన్నారు, సన్మానానికి వచ్చామనుకున్నట్టు.

చెరువులో చేపపిల్ల వదిలిన మర్నాడే పక్షులు తన్నుకుపోకుండా పైన వల కట్టే మనిషి ఆయన. ఖరీదైన వస్తువు ఏదైనా ఆకాశం కింద కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పు మా ఇంట్లోనే పెట్టుకుని నేను కంపెనీ మీద ఎగిరాను. ఇంజినీరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అయినా సిగ్గుపడి ఊరుకుంటే పిల్ల ఇంటికి రాదు.

"బాబూ, వల మాది, తీసేస్తన్నాం. బ్యానర్ మీది. శనివారం టవర్ నిలబడితే జనరేటర్ తీసేయండి. నిలబడకపోతే ఆ బ్యానర్ తీసేయండి. రెండూ ఉంచుతానంటే మాత్రం ఊరుకోను."

ఇంజినీరు నవ్వు ఆగిపోయింది. శ్రీలేఖ ముందుకొచ్చింది. "ఆవిడ అడిగింది న్యాయమే సార్. పైవాళ్ళకి నేను చెప్తాను. పలకలు కడగడానికి మనిషిని పెట్టడం కూడా మన పనే, అది మర్చిపోయింది మనమే."

ఆ మనిషి వచ్చేదాకా కడగడం మా ఆయన వంతు. చెరువు మోటారు పైపు పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కడిగారు.

శుక్రవారం మబ్బు పట్టింది. నేను ఆకాశాన్ని కూడా తిట్టాను. శనివారం కాసిన ఎండకి మాత్రం దణ్ణం పెట్టాను. దీపాల వేళ కరెంటు ఆపేశారు. ఫోన్లో సిగ్నల్ నిండుగా ఉంది!

తెలతెలవారుతుండగా గట్టు మీదికి వెళ్ళేసరికి శ్రీలేఖ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బ్యాటరీ అడుగంటిపోతోందండీ. ఇంకొంచెం తగ్గితే జనరేటర్ దానంతటదే మొదలైపోతుందండీ."

తూర్పు ఎర్రబడింది గానీ సూర్యుడు ఇంకా తూటుపొదల వెనకే ఉన్నాడు. నేను జనరేటర్ వైపు చూస్తూ, "నోరెత్తావో చంపేస్తాను," అన్నాను. మా ఆయన చేతిలో తడిగుడ్డతో పలకలన్నీ మళ్ళీ తుడుస్తున్నారు. ఇంజినీరు కూడా చొక్కా చేతులు మడిచి ఇంకో గుడ్డ అందుకున్నాడు. అప్పుడు లేచాడు సూర్యుడు, నేరుగా పలకల ముఖాన. శ్రీలేఖ ఫోను వదలకుండా చూస్తోంది.

"తగ్గడం ఆగిందండీ... ఎక్కుతోందండీ! ఎక్కుతోందండీ!" అని కేకపెట్టి ఆ పిల్ల నన్ను వాటేసుకుంది. నేను గెంతాను. ఈ వయసులో గట్టు మీద గెంతకూడదని తెలుసు, అయినా గెంతాను. వెంటనే ఇందుజకి ఫోన్ చేశాను.

"అమ్మా? ఉన్నావా? లైన్ కట్టయిందా, ఏం వినబడట్లేదు."

"ఉన్నానే తల్లీ."

"ఎక్కడున్నావు?"

"జనరేటర్ పక్కనే. కరెంటు లేదే, రాత్రి నుంచీ లేదు!"

తూటుపొదల్లో ఏదో పిట్ట సన్నగా కూసింది.

"అమ్మా, అదేం పిట్ట?"

నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు ఆ గట్టు పక్కనే కాపురం చేసి, ఆ కూత ఎవరిదో నాకు తెలియదు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది.

"వచ్చి నువ్వే చూద్దువు గాని," అన్నాను.

ఈసారి పలికింది ఇందుజ కాదు, పక్కనే ఉండి స్పీకర్లో అంతా విన్న వాళ్ళ అత్తగారు.

"వదినగారూ, మంచిరోజు చూసి అన్నయ్యగారిని కారు తీసుకుని రమ్మనండి. పిల్లని పంపుతానండీ."

నేను పెట్టిన కేకకి చెరువు మీది నీటికాకులన్నీ లేచిపోయాయి.