లైటు మీటరు ముల్లు

1954లో అమెరికాలో సిలికాన్ అనే పదార్థంతో రేకులు చేసి, వాటిని ఎండలో పెట్టి కరెంటు తీశారని మరియమ్మ టీచరు పత్రికలో చదివింది. ఆ సంగతే ఏడో తరగతి ఆడపిల్లలకు చెప్పింది. మరునాటికి ఎమ్మిగనూరులోని ఆ బడంతా అదే మాట. హెడ్మాస్టరు ఉచ్చీరప్ప ఆమెను గదికి పిలిపించాడు.

"ఎండకు కరెంటు పుడితే మన ఇండ్లల్లో బుడ్డి దీపాలెందుకమ్మా? సోమవారం పిల్లోళ్ల ముందర తప్పు సెప్పినానని ఒప్పుకో."

"తప్పు సెప్పింటే ఒప్పుకుందును సార్. సెప్పలేదు."

శనివారం ఆమె ఆదోని బస్సెక్కింది. అక్కడ ఫొటో స్టూడియో నడిపే యూసుఫ్ సాబ్ దగ్గర, వెలుతురు ఎంతుందో చూసుకునే లైటు మీటరు ఉంది. సంగతి విని ఆయన దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"దీంట్లో బ్యాటరీ లేదు టీచరమ్మా. లోపల సెలీనియం పూత ఉండాది. వెలుతురు పడితే సాలు, కరెంటు పుట్టి ముల్లు కదుల్తాది. తీస్కపో."

సోమవారం ప్రార్థన కాగానే, పిల్లలందరూ చూస్తుండగా మరియమ్మ మీటరును హెడ్మాస్టరుకు అందించింది.

"అరచేత్తో మూయండి సార్."

మూశాడు. ముల్లు సున్నా మీద పడింది. చెయ్యి తీయగానే చివరిదాకా ఎగిరింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

"స్ప్రింగుంటాది లోపల!" అన్నాడు హెడ్మాస్టరు.

మరియమ్మ మూత విప్పి చూపించింది. పూత పూసిన రేకు, రెండు తీగలు, ముల్లును తిప్పే సన్నని తీగచుట్ట. అంతే.

"వెలుతురు తగిలితే ఈ పూతలో ఎలక్ట్రాన్లనే కణాలు విడివడతాయి. పూత అంచున ఉండే అడ్డు వాటిని ఒకవైపుకే పోనిస్తాది. అవి తీగలోంచి పరుగెత్తి తిరిగొస్తాయి. ఆ పరుగే కరెంటు," అంది పిల్లల వైపు తిరిగి.

"దీపం వెలిగిస్తాదా ఇది?" అన్నాడు ఉచ్చీరప్ప, మొహం ఎర్రబడి.

"దీంతో వెలగదు సార్, పుట్టేది శానా కొంచెం. కొంచెమైనా పుట్టిందా, లేదా?"

ఆయన గదిలోకి పోయి, ఆమె తనకు ఎదురు తిరిగిందని పై అధికారులకు రాశాడు. నెల తిరక్కుండానే ఆమెను చిప్పగిరికి బదిలీ చేశారు.

"క్షమాపణ రాసిచ్చింటే పోయేది గదా," అన్నాడు భర్త కృపానందం, పెట్టె సర్దుతూ.

"ఆ పిల్లోళ్లు కండ్లారా సూసినారు. లేదని యా మొగంతో సెప్పాల?"

చిప్పగిరి బడిలో మొదటి రోజు అక్కడి హెడ్మాస్టరు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎండలో కరెంటుందని కొట్లాడిన టీచరు నువ్వేనా?"

"నేనే సార్," అంది మరియమ్మ, తల దించకుండా. సుద్దముక్క తీసుకుని తరగతిలోకి నడిచింది.