ఒక్క తప్ప

ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అంతా తప్పులాయన అనేవారు. ముప్పై ఏళ్లుగా లోకుల తప్పులు పట్టీ పట్టీ సోడాబుడ్డి కళ్లద్దాలు తెచ్చుకున్న మనిషి.

కొత్త దేశపు మొదటి రాజ్యాంగం ఆయన బల్లమీదికే వచ్చింది. అందరికీ ఓటు, అందరికీ బడి, నోరున్న ప్రతివాడికీ మాట. "భలే రాశార్రా!" అని బల్ల చరిస్తే సిరాబుడ్డి గంతేసింది.

ఆయన ప్రాణమంతా మాత్రం పంతొమ్మిదో అధికరణంలో ఉంది: 'విచారణ లేకుండా ఎవరినీ నిర్బంధించరాదు.' పాత ప్రభుత్వం ఆయన్నీ, బావమరిదినీ విచారణ లేకుండానే మూడేళ్లు ఒకే గదిలో కుక్కింది. ఆ వాక్యాన్ని ఇద్దరూ కలిసి మేకుతో గోడమీద గీశారు. పనికిరాని మాట కొట్టేయాలంటే అడ్డగీత గీసి చివర తోక తిప్పాలని ఆ గోడమీదే బావమరిదికి ఈయన నేర్పాడు. ఇప్పుడా బావమరిది రాజ్యాంగ సంఘంలో సభ్యుడు.

"ఒక్క అక్షరం పోనివ్వను బావా," అని మాటిచ్చాడు.

పోనివ్వలేదు, పాపం. చేర్చాడు. చివరి ప్రూఫులో ఆ వాక్యానికి ముందు అతని చేతిరాతే: 'ప్రభుత్వం అవసరమనుకుంటే తప్ప.'

తప్పులాయన కాగితం పట్టుకుని సంఘం గదికి పరిగెత్తాడు.

"ఏరా, ఇక్కడ తప్పు పడింది."

"తప్పు కాదు బావా, తప్ప."

"కొమ్ము దాచుకున్నంత మాత్రాన పొడవదట్రా?"

"తప్పలేదు. దేశం ఇంకా పసిది."

"పసిదానికి ఉయ్యాల కావాలి గానీ ఊచలెందుకు?"

"మిగతా ఇల్లంతా బాగానే కట్టాంగా!"

"బ్రహ్మాండంగా కట్టారు. గొళ్లెం మాత్రం బయట బిగించారు. మన గదికీ అక్కడే ఉండేది, మరిచావా?"

బావమరిది కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇప్పుడు ప్రభుత్వం మనదే కదా బావా."

"మనం బయటుంటే, మరి లోపలెవర్రా?"

బావమరిది కలం అందించాడు. "సంతకం పెట్టు. కింద అచ్చుయంత్రం ఆగి ఉంది," అన్నాడు.

ప్రూఫు చివర 'తప్పులు లేవు' అని రాసి సంతకం చెయ్యడం ఆనవాయితీ. తప్పులాయన రాశాడు: 'తప్పులు లేవు. ఒక్క తప్ప ఉంది.'

బావమరిది నవ్వలేదు. ఎర్ర పెన్సిలు తీసి, రెండో వాక్యం మీద అడ్డగీత గీసి, చివర తోక తిప్పాడు. గోడమీద నేర్పినట్టే, ఎక్కడా తప్పు లేకుండా.